బొగ్గుబస్సులో కాపురం

దామోదరానికి సొంత బస్సు ఉందన్న పేరే గానీ, ఆయన భార్య నాగరత్నమ్మ ఆ బస్సెక్కి ఊరు దాటిన పాపాన పోలేదు. పాకాలలో పుట్టింటికి పోవాలన్నా రైల్లోనే పోయేది. చిత్తూరు గిరింపేటలో వాళ్ల ఇంటి ముందే బండి ఆగేది. తెల్లవారుజామున ఆయన బండి తీసేటప్పుడు నీళ్ల బిందె అందించేది. ఆ తర్వాత పొద్దుగూకేదాకా ఎన్ని పనులు చేసినా, లోపల జరిగే పని ఒకటే. ఎదురుచూడడం.

పెళ్లయిన కొత్తలో ఇట్లా ఉండేది కాదు. బెల్లం మండీ వ్యాపారుల ఇంట్లో పుట్టిన పిల్ల. నలుగురిలో నవ్వుతూ పెరిగింది. మొగుడు బస్సు నడుపుతాడంటే గొప్పగా చెప్పుకునేది కూడా. ఆ గొప్పంతా రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒక సాయంత్రంతో పోయింది.

అప్పుడు పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గుతో నడిచేవి. బండి వెనక నిలువెత్తు ఇనుప డ్రమ్ము తగిలించి, అందులో బొగ్గు రాజేసి, చేతిమర తిప్పి గాలి కొడితే, ఆ గ్యాసు గొట్టాల్లోంచి ఇంజనుకు పోయేది. బొగ్గు సరిగ్గా రాజుకోకపోయినా, గొట్టంలో బూడిద అడ్డం పడినా బండి దారిలో నిలిచిపోయేది. ఆలస్యాలు మామూలే. కానీ ఆ సాయంత్రం దీపాలు పెట్టినా దామోదరం రాలేదు. వీధిలో పోతున్న ఎవరో, నగరి దారిలో బస్సు ఒకటి కల్వర్టు మీంచి పడిందట అన్నారు. దామోదరం బండి పోయేదీ ఆ దారే. నాగరత్నమ్మ కాళ్లకు చెప్పులైనా లేకుండా బస్సుల స్టాండుకు పరుగెత్తింది. అక్కడ తనలాగే పరుగెత్తుకొచ్చిన ఇంకొక డ్రైవరు భార్య కనబడింది. ముందు పరిచయం లేకపోయినా ఇద్దరూ చేతులు పట్టుకొని నిలబడ్డారు. కాసేపటికి కబురు వచ్చింది. పడింది దామోదరం బండి కాదు, ఆ రెండో మనిషి మొగుడిది.

ఆ మనిషి వేసిన కేక, తన చేతిలోంచి జారిపోయిన ఆమె చేయి, నాగరత్నమ్మను వదలలేదు. ఇంటికొచ్చేసరికి దామోదరం మసి మొహంతో అరుగు మీద కూర్చొని, "ఒక గొట్టం ఊడిపోయినాది, అంతే" అన్నాడు. ఆమె లోపలికి పోయి అన్నం వడ్డించింది. ఆనాటి నుంచి ఆయన ఇల్లు చేరేదాకా ఆమె గొంతులో ముద్ద దిగేది కాదు. ఈ సంగతి ఆయనకు చెప్పనూ లేదు. చెబితే ఏం చేస్తాడు, బండి మానేస్తాడా?

యుద్ధం ముగిసింది. కొత్త బస్సులు దిగాయి. దామోదరం రూటు కొత్త బండ్లవాళ్లకు పోయింది. పాత బస్సు పెరట్లో వేపచెట్టు కింద నిలబడింది. కోళ్లు సీట్ల కింద గుడ్లు పెట్టసాగాయి. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి అడిగితే దామోదరం మొహం తిప్పుకునేవాడు. నాగరత్నమ్మకు మాత్రం లోలోపల ఎంత హాయిగా ఉండిందో చెప్పలేం.

ఆ హాయి చెడగొట్టింది ఆడబిడ్డ శకుంతలమ్మ. దామోదరం కంటే పెద్దది. మొగుడు పోయాక తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. మాట కరుకు, మనసు వెన్న. ఒకరోజు బస్సులోంచి గుడ్లు ఏరుకొని వస్తూ, "ఒరే దామూ, దీన్ని నువ్వు అమ్మవు, నడపవు. కోళ్లు కాపరం పెట్టినాయి. మనం పెడితే ఏం పోయినాది?" అంది నవ్వులాటకి.

దామోదరం నవ్వలేదు. ఆ మధ్యాహ్నమంతా బస్సు చుట్టూ తిరిగాడు. మరునాడు వడ్రంగిని పిలిపించాడు.

నెల తిరిగేసరికి అది బస్సు కాదు, ఇల్లు కాదు, రెండూ కాని ఒక వింత అయింది. ముందు వరుస తప్ప సీట్లన్నీ పీకేశారు. రెండు పక్కలా పడుకోవడానికి పలకలు వేశారు. పలకల కింద రాగిపిండికీ బియ్యానికీ పెట్టెలు. వెనక మూలన రేకు పరిచి మట్టిపొయ్యి. తలుపు పక్కన నీళ్ల డ్రమ్ము. కప్పు నుంచి ఉట్టి వేలాడదీసి అందులో ఊరగాయ జాడీలు. కిటికీలకు తెల్లగుడ్డ తెరలు. వంటకు వేరే కట్టెలు కూడా అక్కర్లేదు, బండికి పోసే బొగ్గులోంచే నాలుగు తీసుకుంటే చాలు.

"పలమనేరు మీదుగా పుంగనూరు, మదనపల్లె, పీలేరు. అట్లనే దిగి తిరపతి. స్వామిని సూసుకొని ఇంటికి. చల్లటి గాలి తిని వస్తాం" అన్నాడు దామోదరం. ఆయన కళ్లలో అంత వెలుగు చూసి చాలాకాలమైంది.

"నేను రాను" అంది నాగరత్నమ్మ.

"రాకుంటే మానెయ్యి, నేను పోతా ఉండా" అంది శకుంతలమ్మ.

ఆ రాత్రి ఆలోచించుకుంటే నాగరత్నమ్మకు ఒక సంగతి తోచింది. వాళ్లు పోతే, తను ఇంట్లో ఎదురుచూడవలసింది ఒక్క సాయంత్రం కాదు, పక్షం రోజులు. తెల్లారి లేచి చీరలు మూట కట్టింది. షికారు మీద మోజుతో కాదు, ఇంట్లో ఉండలేక బయలుదేరింది.

నాలుగో మనిషి గురప్ప. బస్సు తిరిగినన్నాళ్లూ కండక్టరు. టిక్కెట్లు లేని బండిలో కండక్టరెందుకని శకుంతలమ్మ అడిగితే, "బొగ్గు ఎవురు రాజేస్తారమ్మా? అప్పకు స్టీరింగు తప్ప ఇంకోటి తెలవదు" అని డ్రమ్ము దగ్గరికి పోయాడు.

మామిడికాయల కాలం. కట్టమంచి చెరువు దాటి మలుపు తిరగ్గానే నీళ్ల డ్రమ్ము బోర్లాపడింది. ఆ నీళ్లన్నీ పలక కింది పెట్టెలోకి, అక్కడి నుంచి రాగిపిండి మూటలోకి పోయాయి. గిరింపేట ఇంకా కనుచూపు మేరలోనే ఉంది.

"వెనక్కి తిప్పు" అంది నాగరత్నమ్మ.

"తడిసిన పిండి ఇంటికి పోతే ఆరతాదా? ఎట్లాగూ తడిసె, సంగటి చేసేద్దాం" అంది శకుంతలమ్మ.

దారిపక్క చింతచెట్ల నీడలో బండి ఆపి, ఉన్న గిన్నెలన్నీ ఎక్కించి సంగటి కెలికారు. నలుగురూ తినగా మిగిలింది. మామిడి బండ్లు తోలుకుపోతున్నవాళ్లను పిలిచి నూరి తెచ్చుకున్న చెనిక్కాయల ఊరిబిండి పచ్చడితో పెట్టారు. వాళ్లు పోతూ పోతూ ఒక గంపెడు కాయలు దింపి పోయారు. ఆ మొదటి ప్రమాదం అట్లా విందుగా ముగిసింది. అయినా నాగరత్నమ్మ ఆ రోజంతా కిటికీ కమ్మీ వదల్లేదు.

మొగిలి దాటాక కొండ ఎక్కే ఘాటు దారి మొదలయింది. బొగ్గు గ్యాసుకు బలం తక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు బండి మనిషి నడక కన్నా మెల్లగా పోతూ, రెండు మలుపులకొకసారి ఆయాసం వచ్చినట్టు ఆగిపోయేది. ఆగితే వెనక్కి జారుతుంది. జారకుండా వెనక చక్రం కింద ఎవరో ఒకరు చెక్కదిమ్మె పెట్టాలి. గురప్ప డ్రమ్ము దగ్గర బొగ్గు కుళ్లగిస్తున్నాడు. శకుంతలమ్మ మోకాళ్లు పట్టుకొని ముందు నడుస్తోంది.

"రత్నా, ఆ దిమ్మె నువ్వు పట్టుకో" అన్నాడు దామోదరం కిటికీలోంచి.

"నేనా?"

"ఇంకెవురుండారు? చక్రం పక్కన నడువు. నేను 'వెయ్' అంటే వెయ్యి. దూరంగా నిలబడి వెయ్యాల, చేయి లోపల పెట్టొద్దు."

బస్సు చక్రాన్ని ఆమె అంత దగ్గర్నుంచి చూడడం అదే మొదలు. తన నడుము ఎత్తుంది. "వెయ్" అనగానే కళ్లు మూసుకొని దిమ్మె విసిరింది. అది చక్రానికి తగలకుండా దొర్లుకుంటూ కాలువలోకి పోయింది. బండి బారెడు వెనక్కి జారి, చేతిబ్రేకు మీద కీచుమని నిలబడింది. గురప్ప పరుగెత్తుకొచ్చి రాయి అడ్డం పెట్టాడు. దామోదరం తల బయటికి పెట్టి, "కండ్లు మూసుకోకుండా వెయ్యి. చక్రం నిన్నేం కరవదు" అన్నాడు.

రెండోసారి కళ్లు తెరిచే వేసింది. దిమ్మె సరిగ్గా చక్రం కింద ఇరుక్కుంది. అంత బండీ ఆ చిన్న చెక్క మీద ఆనుకొని కదలకుండా ఆగింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, తను ఆపిన బండిని కింది నుంచి పైదాకా చూసింది. ఆ తర్వాత ఘాటు ముగిసేదాకా దిమ్మె ఎవరికీ ఇవ్వలేదు. పైకి చేరేసరికి చేతులు బొబ్బలెక్కాయి. పలమనేరు చల్లగాలి మొహానికి తగిలింది. శకుంతలమ్మ ఆమె అరచేతులకు వెన్న రాస్తూ, "మొగుడికి కండక్టరుద్యోగం చేసేదానివి నువ్వొక్కదానివే సూడు" అంది. నాగరత్నమ్మ నవ్వింది. తను నవ్వినట్టు ఆమెకే ఆలస్యంగా తెలిసింది.

పలమనేరులో రెండు పూటలు చెట్ల కింద సుఖంగా గడిచాయి. పాలు చిక్కగా దొరికాయి. పుంగనూరు దారి పట్టాక మబ్బు పట్టింది. ఎండాకాలపు వాన, చెప్పి రాదు. గాలి ముందు వచ్చి కిటికీ తెరలు రెండు పీక్కుపోయింది. వెనక వడగళ్లు. బండి నెత్తిన కట్టిన బొగ్గు బస్తాలు నానిపోయాయి. ఒక చిన్న పల్లె బయట, బీడు పక్కన బండి చివరిసారి దగ్గి ఆగిపోయింది. నలుగురూ పలకల మీద కాళ్లు ముడుచుకొని, కప్పులో కారే చోటల్లా గిన్నెలు పెట్టి కూర్చున్నారు.

తెల్లవారి చూస్తే ఊరు నిశ్శబ్దంగా ఉంది. తలుపులన్నీ మూసున్నాయి. బావి దగ్గర నీళ్లు తోడుతున్న ఆడవాళ్లు ఈ బండిని చూడగానే బిందెలు అక్కడే వదిలి పరుగెత్తారు. పిల్లల్ని చంకలో వేసుకొని చేలలోకి పోతున్నవాళ్లు కూడా కనబడ్డారు.

"ఏందబ్బా ఇది, మనల్ని సూసి పారిపోతా ఉండారు! దొంగలనుకున్నారా?" అన్నాడు గురప్ప.

కాసేపటికి ఒక మనిషి వచ్చాడు. పెద్ద తలపాగా, బలమైన ఒళ్లు. కానీ బస్సుకు చాలా దూరంలో నిలబడి దండం పెట్టాడు. ఊరిపెద్ద ఎల్లప్ప అని తర్వాత తెలిసింది.

"సామీ, మా ఊర్లో ఎవురికీ వాంతులు ల్యా, బేదులు ల్యా. అందరం కుశాలగా ఉండాము. సూదులు మాకొద్దు సామీ. పక్కూరికి పోండి. ఆడ శానామందికి ఉండాది" అన్నాడు.

సంగతి నలుగురికీ ఒక్కసారే అర్థమైంది. తెల్ల తెరల బండి, లోపల పలకలు, వెనక పొగ డ్రమ్ము. కలరా సూదులు వేసే సర్కారు బండి అనుకున్నారు. శకుంతలమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నాగరత్నమ్మకు నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకొని బస్సు మెట్టు మీద కూలబడి, కళ్లమ్మట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. పెళ్లికి ముందు పాకాల ఇంట్లో నవ్వినట్టు నవ్వింది. దామోదరం బండి సంగతి మరిచి భార్య మొహమే చూస్తూ నిలబడ్డాడు.

"సూదులు లేవు, ఏమీ లేవన్నా" అంది ఆమె చివరికి. "బొగ్గు తడిసి నిలిచిపోయినాము. రా, వచ్చి సూడు. లోపల నా పొయ్యి, ఊరగాయలు తప్ప ఏమీ లేవు."

ఎల్లప్ప అనుమానంగానే వచ్చాడు. పలకల కింద వంగి చూశాడు. ఉట్టి తట్టి చూశాడు. సూదులు నిజంగా లేవని తేలాక వెనక్కి తిరిగి చేయి ఊపాడు. అంతే, చేలలోంచీ తలుపుల వెనక నుంచీ ఊరంతా ఊడిపడింది. ఆడవాళ్లు వంతులవారీగా బస్సెక్కి పలకల మీద కూర్చొని దిగారు. ఒక ముసలమ్మ మాత్రం దిగలేదు. ఎట్లాగూ మందుల బండి వచ్చింది కాబట్టి తన మోకాలికి ఏదైనా చేయమంది. మందుల బండి కాదని ఎన్నిసార్లు చెప్పినా వినదే! చివరికి శకుంతలమ్మ ఆముదం వేడిచేసి మర్దనా చేసింది. సాయంత్రానికి మోకాళ్ల వరుస పెద్దదైంది. "నా మోకాళ్లకి ఎవురు రాస్తారో" అని గొణుగుతూనే అందరికీ రాసింది.

ఊరి పక్క పరుపుబండ మీద బొగ్గు ఆరబోశారు. ఎండ సరిగ్గా రాలేదు. ఎల్లప్ప ఊళ్లో కంసాలి కొలిమి నుంచి పొడి బొగ్గు రెండు గంపలు మోయించుకొచ్చాడు. బండి రాజుకొని గుర్రుమన్నప్పుడు ఊరు ఊరంతా కేక వేసింది. సాగనంపుతూ ఎల్లప్ప, "మళ్లీ వస్తే తెల్లగుడ్డలు కట్టొద్దు తల్లీ, మా పానాలు పోతాయి" అన్నాడు. పుంగనూరులో నాగరత్నమ్మ చేసిన మొదటి పని, ఎర్రచారల గుడ్డ కొని కొత్త తెరలు కుట్టడం.

మదనపల్లెలో ఒక టైరు పోయింది. వేరేది దొరక్క అందులో ఎండుగడ్డి కూరి, తాళ్లతో బిగించి పీలేరు దాకా కుంటుకుంటూ వచ్చారు. అక్కడ పాత టైరు ఒకటి సంపాదించారు. ఇంత జరిగినా, పొద్దున లేచిన దగ్గర నుంచి చేతికి ఏదో ఒక పని ఉండేసరికి, నాగరత్నమ్మ ఆకలేసినప్పుడు తింటోంది, నిద్రొస్తే పడుకుంటోంది. ఆ మార్పు ఆమె పట్టించుకోలేదు. శకుంతలమ్మ పట్టించుకుంది గానీ, పైకి అనలేదు.

అసలు గండం భాకరాపేట ఘాటులో వచ్చింది.

పీలేరు నుంచి తిరుపతికి పోవాలంటే ఆ కొండదారి దిగాలి. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. రెండు పక్కలా వెదురు ఎండి పసుపు రంగుకు తిరిగి ఉంది. ఎండాకాలంలో ఆ అడవికి ఒక నిప్పురవ్వ చాలు. మూడో మలుపు దగ్గర దామోదరం బ్రేకు తొక్కాడు. కాలు నేల దాకా పోయింది. బండి ఆగలేదు. మళ్లీ తొక్కాడు. లేదు.

వెనక పలక మీద కూర్చున్న నాగరత్నమ్మకు ఆయన మెడ నరాలు కనబడుతున్నాయి. ఏమైందో అడగక ముందే తెలిసిపోయింది.

"అందరూ గట్టిగా పట్టుకోండి. కొండకేసి తోలతా ఉండా" అన్నాడాయన. కేక వేయలేదు, మామూలుగానే అన్నాడు.

చేతిబ్రేకు లాగితే కాలిన వాసన వచ్చింది. గేరు కిందికి వేశాడు, ఇంజను అరిచింది. నాగరత్నమ్మ ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో శకుంతలమ్మ నడుము పట్టుకుంది. బండి లోయను వదిలి కొండ వైపు ఒరిగింది. రాళ్లు బస్సు రేకును గీరుకుంటూ పోయిన చప్పుడు. ఉట్టి తెగి జాడీలు పగిలాయి. ముందు చక్రం కొండవార కాలువలో దిగబడింది. పెద్ద కుదుపుతో బండి ఆగింది.

ఆ వెంటనే గురప్ప గొంతు వెనక నుంచి వినబడింది. "నిప్పు! డ్రమ్ము తలుపు ఊడిపోయినాది!"

నాగరత్నమ్మ దిగి చూసింది. డ్రమ్ములోంచి ఎర్రటి బొగ్గులు కుప్పగా రాలి ఎండుగడ్డిలో పడ్డాయి. మంట అప్పటికే మోకాలెత్తు లేచి వెదురు పొదకేసి పాకుతోంది. దామోదరం వైపు తలుపు కొండకు ఒత్తుకుపోయి తెరుచుకోలేదు. ఆయన ఇంకా లోపలే ఉన్నాడు. ఆమె మళ్లీ బండెక్కి గొంగళి లాగి నీళ్ల డ్రమ్ములో ముంచింది. దిగి, తడి గొంగళితో మంట నెత్తిన కొట్టింది. "వదినా, నీళ్లు! బొక్కెన తీసుకో!" అని అరిచింది. మోకాళ్ల నొప్పుల శకుంతలమ్మ ఆ పూట ఎట్లా ఉరికిందో ఆమెకే తెలియాలి. గురప్ప పారతో మన్ను పోశాడు. దామోదరం కిటికీలోంచి దూరి వచ్చేసరికి, మిగిలింది పొగ మాత్రమే.

నాగరత్నమ్మ నల్లటి గడ్డి మధ్యలో నిలబడి, ఇంకా ఎక్కడైనా ఎరుపు ఉందేమోనని కాలితో మన్ను తోస్తోంది. దామోదరం దగ్గరికి వచ్చి ఆమె భుజాలు పట్టుకున్నాడు. ఆయన నుదుటి మీద గీరుకొని కొంచెం నెత్తురు కారుతోంది.

"నీకేమన్నా అయినాదా?"

"నాకేమీ కాలా. నీకు?"

"ల్యా."

ఆమె ఆయన్ని తల నుంచి కాళ్ల దాకా చూసింది. శకుంతలమ్మను చూసింది, గురప్పను చూసింది. అందరూ ఉన్నారు. తన చేతుల వంక చూసుకుంది. అవి వణకడం లేదు. గిరింపేట అరుగు మీద కూర్చున్నప్పుడు ఏమీ జరగకపోయినా వణికే చేతులవి. ఆమెకు గట్టిగా ఊపిరి వచ్చింది. ఎన్నేళ్లుగానో గుండె మీద కూర్చున్నదేదో లేచి పోయినట్టయింది. అక్కడే రాయి మీద కూర్చొని కాసేపు ఏడ్చింది. భయంతో కాదని ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఊరగాయంతా పోయినాది" అంది శకుంతలమ్మ బస్సులోకి తొంగి చూసి. అందరూ నవ్వారు.

గురప్ప బండి కిందికి దూరి చూస్తే, బ్రేకు కమ్మీని పట్టి ఉంచే చీల జారిపోయి ఎక్కడో పడిపోయింది. దారి వెంట వెతికినా దొరకలేదు. చివరికి బొక్కెనకు పిడిగా ఉన్న లావు తీగ ఊడదీసి, చీల బదులు దూర్చి, రెండు కొసలూ మెలిపెట్టారు. దాన్ని నమ్మి ఘాటు దిగడానికి దామోదరానికి ధైర్యం చాలలేదు. ఇంతలో వెదురు బండ్లు వరుసగా వచ్చాయి. ముందున్న బండివాడు మునిరామయ్య. మాడిన గడ్డి, కాలువలో బస్సు, మసి మొహాల ఆడవాళ్లను చూసి ఎద్దుల్ని ఆపాడు.

"అడివి తగలబెట్టబోయినారే!" అన్నాడు ముందు. తర్వాత నాగరత్నమ్మ చేతిలో మాడిన తడి గొంగళి చూసి, గొంతు తగ్గించి, "ఆర్పినారా? మంచి పని చేసినావు తల్లీ. ఈ కొండ మా కూడు" అన్నాడు.

నాలుగు జతల ఎద్దుల్ని కట్టి బస్సును కాలువలోంచి లాగారు. బండ్లవాళ్లు ఘాటు దిగేటప్పుడు చేసే పని బస్సుకూ చేశారు. ఒక పెద్ద మొద్దును తాళ్లతో వెనక కట్టి ఈడ్పించారు. మొద్దు బరువుకు బండి పరుగు తీయకుండా మెల్లగా దిగింది. ముందు ఎద్దుల బండ్లు, మధ్యలో బస్సు, వెనక దుమ్ము లేపుతూ మొద్దు. నాగరత్నమ్మ చెక్కదిమ్మె పట్టుకొని చక్రం పక్కనే నడిచింది. రంగంపేట దగ్గర చదునైన దారి కాళ్ల కింద తగిలినప్పుడు మునిరామయ్య కొండకేసి తిరిగి దండం పెట్టాడు. ఆమె కూడా పెట్టింది. గంపలో మిగిలిన మామిడిపండ్లన్నీ బండ్లవాళ్లకు పంచేసింది.

తిరుపతిలో సత్రం పక్క ఖాళీ జాగాలో బండి ఆపారు. ఎవరో మిస్త్రీ దగ్గర సరైన చీల దొరికింది. మరునాడు కొండకు పోయేటప్పుడు దేవస్థానం బస్సెక్కారు. ఎక్కే ముందు నాగరత్నమ్మ డ్రైవరు దగ్గరికి పోయి, "అప్పా, బ్రేకు చీలలు సూసుకున్నావా?" అని అడిగింది. అతను బిత్తరపోయాడు. వెనక నిలబడ్డ దామోదరం తలకాయ దించుకున్నాడు.

దర్శనమై దిగివచ్చాక ఆయన భార్యను పక్కకు పిలిచాడు. మొహం వాడిపోయి ఉంది. "రత్నా, నువ్వూ అక్కా రైల్లో ఇంటికి పోండి. నేనూ గురప్పా బండి తోలుకొస్తాం. నా పిచ్చి కోసరం మిమ్మల్ని సంపబోయినాను. ఇంక ఈ బండిలో నిన్ను కూసోబెట్టను" అన్నాడు.

"రైలా? మళ్లీ ఇంట్లో కూసోని నీ కోసరం ఎదురుసూడాల్నా?" అంది ఆమె. అప్పుడు చెప్పింది. అన్నేళ్లూ చెప్పనిది. బస్సుల స్టాండులో తాను పట్టుకున్న చేయి సంగతి, గొంతు దిగని ముద్దల సంగతి, రోజూ సాయంత్రాల సంగతి.

దామోదరం సత్రం అరుగు మీద కూలబడ్డాడు. "నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

"చెప్తే నువ్వేం జేస్తావు? ఇంట్లో ఉంటే దినమూ నీ బండి నా కండ్ల ముందర లోయలో పడతానే ఉన్నింది. మొన్న నిజంగానే పడబోయినాది. పడలా. పడినా నేను పక్కనే ఉంటి గదా. ఏం జరగతా ఉండాదో నా కండ్లతో సూస్తి. అది శానా మేలు. నేను రైలెక్కను."

ఆయన కళ్లు తుడుచుకొని, "అట్లయితే ముందు సీట్లో కూసో" అన్నాడు.

పాకాల మీదుగా తిరిగి వచ్చారు. పుట్టింటి ముందు బస్సు ఆగినప్పుడు ఆమె తమ్ముడు నోరు తెరుచుకొని చూశాడు. పీకిన సీట్లు, గీరుకుపోయిన రేకు, ఎర్రచారల తెరలు, మసి పట్టిన అక్క. ఆమె దర్జాగా దిగి, చక్రం కింద దిమ్మె వేసి, "ఏరా, నీళ్లు తీసుకురా, బండికి దాహమైనాది" అంది.

ఆ తర్వాత మూడు నాలుగేళ్లు ఆ బస్సును యాత్రలకు పోయే కుటుంబాలు అడిగి తీసుకుపోయేవి. కాణిపాకం, కాళహస్తి, ఒకసారి శ్రీహరికోట వైపు పడవల రేవు దాకా. ప్రతిసారీ నాగరత్నమ్మ వెంట పోయేది. ఎక్కేవాళ్లకు ముందే చెప్పేది, "ఇది ఆగతాది. తప్పకుండా ఆగతాది. ఆగినప్పుడు కంగారు పడొద్దు, దిగి నీడలో కూసోండి, కాఫీ ఇస్తా." బండి నిజంగానే ఆగేది. దామోదరం కింద దూరి ఏదో బిగించేవాడు, గురప్ప మర తిప్పేవాడు. ఆమె డ్రమ్ములోంచి నాలుగు బొగ్గులు తీసి, దారిపక్కన మూడు రాళ్లు పేర్చి, నీళ్లు కాగబెట్టేది. కాఫీ తాగి గ్లాసులు కడిగేలోపల ఇంజను అందుకునేది. ఒక్కోసారి అందుకునేది కాదు. అప్పుడు వంట మొదలుపెట్టేది.